పెరటి కుందేలు – అమెరికన్ చించిల్లా



"అమెరికా కుందేళ్ళట, వెండి రంగు బొచ్చట. జత కొంటే పుట్టిన పిల్లలనన్నింటిని అమ్మినవారే తిరిగి కొంటారట. కొనవచ్చునా?" అని మమ్ములను అడిగే రైతులు కొందరున్నారు. కొనవద్దని ఒక్క మాటలో చెప్పివేయవచ్చును. కాని ఆ మాట ఎంతోకాలము నిలువదు. రేపు మరొకరు వచ్చి మరొక జంతువును చూపినపుడు మరల అదే సందేహము పుడుతుంది. అందువలన ఈ పాఠములో కుందేళ్ళలో ఒక పాత జాతిని తీసుకొని, అది ఎట్లు పుట్టినదో, ఎందుకు ఒక దశలో వేలకు వేలుగా పెరిగినదో, ఎందుకు దాదాపు కనబడకుండా పోయినదో, చివరకు ఎవరి పెరళ్ళలో మిగిలినదో చెప్పదలచినాము. ఆ జాతి పేరు అమెరికన్ చించిల్లా. దాని కథ తెలిసిన రైతు లెక్క తానే వేసుకొనగలడు.

ముందుగా ఒక చిన్న సంగతి. మన చేలగట్ల మీద పరుగెత్తే చెవులపిల్లి వేరు, ఈ పెంపుడు కుందేలు వేరు. చెవులపిల్లి బొరియ త్రవ్వదు. దాని పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరచి, నేలమీదనే పుడతాయి. పెంపుడు కుందేలు యూరపులో బొరియలు త్రవ్వుకొని బ్రతికే అడవి కుందేటి సంతతి. దాని పిల్లలు బొచ్చు లేక, కళ్ళు మూసుకొని, ఎర్రని మాంసపు ముద్దల వలె పుడతాయి. ఈ రెండింటికి సంకరము కలుగదు. చెవులపిల్లిని పట్టుట, చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. మనము చెప్పుకొనేదంతా పెంపుడు కుందేలును గురించియే.

పేరు ఎక్కడినుండి వచ్చినది?

చించిల్లా అనేది నిజానికి కుందేలు కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతముల మీద నివసించే ఎలుక జాతికి చెందిన చిన్న జంతువు. దాని బొచ్చు పట్టుకన్న మెత్తన. ఆ బొచ్చు కోసము వేటాడి వేటాడి, 20వ శతాబ్దము ఆరంభము నాటికి దానిని దాదాపు రూపుమాపినారు. 1910లో చిలీ, బొలీవియా, పెరూ, అర్జెంటీనా దేశములు ఒడంబడిక చేసుకొని వేటను నిషేధింపవలసి వచ్చినది.

అసలు బొచ్చు దొరకనపుడు దాని పోలికగల బొచ్చుకు గిరాకీ పుట్టుట సహజము. ఫ్రాన్సు దేశములో డిబోవ్‌స్కీ అనే ఇంజనీరు కుందేళ్ళను సంకరము చేసి, చించిల్లా బొచ్చును పోలిన బూడిదవన్నె కుందేలును తీసినాడు. అడవి కుందేలును, నీలి బెవెరెన్ జాతిని, హిమాలయన్ జాతిని కలిపి దీనిని తీసినాడని చెబుతారు. 1913లో అది మొదటిసారి ప్రదర్శనకు వచ్చినది. కొద్ది సంవత్సరములలోనే ఇంగ్లండు చేరినది. 1919లో ఒక ఇంగ్లీషు పెంపకందారు అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర ప్రదర్శనకు కొన్నింటిని తీసికొనివచ్చి, ప్రదర్శన ముగిసిన తరువాత అక్కడనే అమ్మివేసినాడు. కొన్నవారిలో ఎడ్వర్డ్ స్టాల్ అనే అతడు తరువాత అమెరికా కుందేళ్ళ పెంపకములో పెద్ద పేరు తెచ్చుకొన్నాడు.

ఫ్రెంచి చించిల్లా చిన్నది. అమెరికా రైతులకు బొచ్చుతోపాటు మాంసము కూడ కావలసివచ్చినది. వారు ప్రతి తరములోను పెద్దవానిని ఏరి, వానినే విత్తనమునకు ఉంచినారు. బరువుగల ఈ కొత్త రకమునకు 1924లో ప్రత్యేక ప్రమాణములు ఏర్పడినవి. తొలుత దానిని బరువు చించిల్లా అన్నారు. అమెరికన్ చించిల్లా అనే పేరు తరువాత వచ్చినది. స్టాల్ తన వంతుగా ఫ్లెమిష్ జెయింట్ జాతి రక్తమును కలిపి ఇంకను పెద్దదైన జెయింట్ చించిల్లాను తీసినాడు. ఆ విధముగా ఒకే పేరుతో మూడు పరిమాణములు ఏర్పడినవి. మన పాఠము నడిమిదానిని గురించి.

గుర్తించుట ఎట్లు?

ఎదిగిన మగది 4 నుండి 5 కిలోలు, ఆడది 4.5 నుండి 5.4 కిలోలు తూగుతుంది. వీపు కొద్దిగా వంపు తిరిగి, నడుము, తొడలు నిండుగా ఉంటాయి. చెవుల అంచులు నలుపు, పొట్ట తెలుపు, కళ్ళు సాధారణముగా గోధుమవన్నె. కాని ఈ జాతిని నిశ్చయముగా తెలిసికొనే పరీక్ష బొచ్చులో ఉన్నది. కుందేలును ఒడిలో కూర్చోబెట్టుకొని, వీపుమీద బొచ్చును నోటితో ఊదండి. బొచ్చు పూవువలె విచ్చుకొని చుట్లు చుట్లుగా కనబడుతుంది. చర్మము దగ్గర పలకవంటి ముదురు నీలము, దానిపైన ముత్యపు వన్నె, ఆపైన సన్నని తెల్లని అంచు, కొనలలో అక్కడక్కడ నల్లని వెంట్రుకలు. ప్రదర్శనలలో న్యాయనిర్ణేతలు కూడ ఇట్లు ఊదియే చూస్తారు.

ఈ రంగు వెనుక ఒక మర్మము కలదు. అది తెలిస్తే మోసపోరు. అడవి కుందేటి వెంట్రుకలో నలుపు, పసుపు చారలు రెండును ఉంటాయి. అందువలననే దాని ఒళ్ళు మట్టిరంగుగా కనబడుతుంది. చించిల్లా కుందేలులో ఒక జన్యువు ఆ పసుపును తీసివేసి నలుపును మాత్రము మిగుల్చును. పసుపు ఉండవలసినచోట తెలుపు, ముత్యపు వన్నె కనబడును. ఈ జన్యువు పూర్తి రంగునిచ్చే జన్యువు ముందు అణగిపోతుంది. శుద్ధ తెలుపునిచ్చే జన్యువు ముందు మాత్రము పైచేయిగా నిలుస్తుంది.

దీని ఫలితము చూడండి. చించిల్లాను స్వచ్ఛమైన మట్టిరంగు కుందేలుతో జత కట్టిస్తే పిల్లలన్నీ మట్టిరంగే. అదే చించిల్లాను ఎర్రకళ్ళ తెల్ల కుందేలుతో కట్టిస్తే పిల్లలు బూడిదవన్నెగానే పుట్టవచ్చును. చూచినవారు మేలుజాతి అనుకొంటారు. అటువంటి సంకరపు పిల్లలను రెండింటిని తమలో తాము జత కట్టించినపుడు, సగటున నాలుగింటిలో ఒకటి తెల్లగా పుడుతుంది. కనుక "శుద్ధ చించిల్లా" అని అమ్మిన జతకు తెల్ల పిల్లలు పుట్టినచో, తల్లి తండ్రి ఇద్దరిలోను తెలుపు దాగి ఉన్నదని అర్థము. కూరకు దీనివలన నష్టమేమియు లేదు. విత్తనమునకు పెట్టిన అధిక ధర మాత్రము దండుగ.

గిరాకీ పొంగు, పతనము

1920 తరువాతి సంవత్సరములలో అమెరికాలో కుందేటి తోలుకు మంచి గిరాకీ ఉండెను. తోళ్ళను కత్తిరించి, రంగువేసి, ఏవేవో ఘనమైన పేర్లతో కోటులు కుట్టి అమ్మేవారు. చించిల్లాకు రంగు వేయనవసరము లేదు. పుట్టుకతోనే ఖరీదైన బొచ్చు పోలిక ఉన్నది. అందువలన అందరి కన్ను దానిమీద పడినది. 1928 నవంబరు నుండి 1929 నవంబరు వరకు, ఒక్క సంవత్సరములో, అమెరికా కుందేళ్ళ పెంపకందారుల సంఘమువారి పుస్తకములలో 17,328 చించిల్లాలు నమోదైనవి.

ఈ అంకె దగ్గర కొంచెము ఆగవలెను. జాతి నమోదు చేయించుట విత్తనము అమ్మదలచినవాని పని. కూర వండుకొనేవాడు కుందేలును నమోదు చేయించడు. 17 వేల నమోదులనగా, ఆ ఏడు విత్తనపు వ్యాపారము మీద చాలామంది ఆశలు పెట్టుకొన్నారని అర్థము.

1929 అక్టోబరులో న్యూయార్క్ వాటాల బజారు కూలినది. ఆర్థిక మాంద్యములో ఖరీదైన బొచ్చుకోటు కొనే చేతులు తగ్గినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలములో, 1943లో మాంసమునకు రేషను పెట్టినపుడు, అమెరికా పట్టణవాసులు కూడ పెరళ్ళలో కుందేళ్ళను పెంచి తిన్నారు. యుద్ధము తరువాత కుందేటి తోళ్ళ వ్యాపారము క్షీణించినది. మాంసము అమ్మే పెద్ద వ్యాపారులు న్యూజీలాండ్ వైట్ వంటి తెల్ల కుందేళ్ళనే అడిగినారు. తెల్ల తోలుకు ఏ రంగైన వేయవచ్చును. కోసిన మాంసమునకు ఒకటి రెండు వెంట్రుకలు అంటుకొన్నను తెలుపు కంటికి కనబడదు. ఆ రెండవ కారణము ఎంత చిన్నదో చూడండి! ఎన్నో ఏండ్లు ఏరి ఏరి తీసిన జాతి ఒక వెంట్రుక రంగువలన బజారునుండి వెళ్ళిపోయినది.

అయినను అది పూర్తిగా నశింపలేదు. బజారుతో పనిలేని కొన్ని కుటుంబములు దానిని వదలలేదు. 1977లో స్థాపింపబడిన లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అనే అమెరికా సంస్థ, అంతరించిపోతున్న పశుజాతుల పట్టికలో అమెరికన్ చించిల్లాను కూడ చేర్చినది. ఆ తరువాత చిన్న కమతములవారు, ఇంటికి కావలసిన ఆహారమును ఇంటనే పండించుకొనదలచినవారు మరల దానిని చేరదీసినారు.

చిన్న కమతమువారు దీనినే ఎందుకు మెచ్చినారు?

కూరకు, తోలుకు రెండింటికి పనికివస్తుంది. బొచ్చు మరీ పొడవు కాదు కనుక అంగోరా కుందేటి వలె చిక్కుపడదు, దువ్వవలసిన పని లేదు. చలికి ఓర్చుకొంటుంది. స్వభావము సాధువు. పిల్లలు, ముసలివారు కూడ పట్టుకొనవచ్చును. అన్నిటికన్న ముఖ్యము ఆడదాని తల్లితనము. ఈతకు 6 నుండి 8 పిల్లలను కని, వానిని శ్రద్ధగా సాకే గుణము పాత రైతులు ఏరి ఏరి నిలిపిన గుణము. ఎదుగుదలలో న్యూజీలాండ్ వైట్‌కు కొంచెము వెనుకబడవచ్చును. ఇంటి పెరటిలో రెండు వారముల ఆలస్యము లెక్కలోనిది కాదు. వారమునకు వెయ్యి కుందేళ్ళు అమ్మేవానికే అది లెక్క.

అక్కడి కుటుంబములలో సామాన్యముగా ఒక మగదానిని, రెండు మూడు ఆడవానిని ఉంచుతారు. ఆ పద్ధతిని ఇక్కడ వివరముగా చెబుతాము. కుందేలు ఏ జాతిదైనను ఈ పని ఇదే.

ఆడదానికి 6 లేక 7 నెలలు నిండి, బరువు 4 కిలోలకు వచ్చిన తరువాత జత కట్టించవలెను. ఆవువలె కుందేలుకు ఎదకు వచ్చే రోజులు విడిగా ఉండవు. జత కట్టిన తరువాతనే, సుమారు 10 గంటలకు, అండము విడుదల అగును. ఆడదానిని మగదాని బోనులోనికి తీసికొనిపోవలెను గాని మగదానిని ఆడదాని బోనులో విడువరాదు. తన బోనులోనికి వచ్చినవానిని ఆడది కరచి తరుముతుంది. జత కుదిరినచో మగది ఒక ప్రక్కకు ఒరిగి పడుతుంది. చూచి, తారీఖు వ్రాసికొనండి.

10 నుండి 14వ రోజు మధ్య పొట్టను మెల్లగా తడిమితే గోలీలవంటి గడ్డలు చేతికి తగులుతాయి. అది చూడి గుర్తు. తగులకపోతే మరల కట్టించవచ్చును. చూలు 31 రోజులు. 28వ రోజున ఈనేపెట్టెను బోనులో పెట్టి, లోపల మెత్తని ఎండుగడ్డి పరచవలెను. తల్లి తన పొట్టబొచ్చును పీకి పిల్లలకు పరుపు వేస్తుంది.

ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు ఒకటి కలదు. ఈనిన తరువాత తల్లి పెట్టె దగ్గరకే పోకుండ మూలను కూర్చుని ఉండుట చూచి, "పిల్లలను వదిలివేసినది" అని కంగారుపడి, ఆవుపాలు పట్టబోతారు. కుందేలు తల్లి రోజుకు ఒకసారి, అదియు నాలుగైదు నిమిషములు మాత్రమే పాలిస్తుంది. మిగిలిన వేళలో దూరముగా ఉంటుంది. అడవిలో తాను పెట్టె దగ్గర తిరిగితే వాసనపట్టి శత్రువు వస్తాడని దాని పుట్టుక భయము. మీరు చేయవలసినది ఒక్కటే: ప్రొద్దున పెట్టెను చూచి, పిల్లల పొట్టలు గుండ్రముగా ఉన్నవా, ముడుతలుపడి ఉన్నవా గమనించుట. గుండ్రముగా ఉంటే తల్లి తన పని చేసినట్లే. చచ్చిన పిల్లలుంటే తీసివేయండి. రెండు ఆడవానిని ఒకేరోజున కట్టించినచో, ఒకదానికి 10, ఇంకొకదానికి 4 పుట్టినపుడు మొదటి మూడు రోజులలోపల సర్దివేయవచ్చును. ఈ సౌకర్యము కోసమే జంటగా కట్టించుట మంచిది.

పిల్లలు 10, 12 రోజులకు కళ్ళు తెరుస్తాయి. మూడు వారములకు పెట్టెదాటి వస్తాయి. ఆరు వారములకు తల్లి పాలు మాన్పించవచ్చును.

పుస్తకము, త్రాసు

ఈ జాతిని తీర్చిదిద్దినవి రెండే సాధనములు: ఒక నోటు పుస్తకము, ఒక త్రాసు. 21వ రోజున ఈతలోని పిల్లలనన్నింటిని కలిపి తూయండి. అంతవరకు వాని ఆహారము చాలవరకు తల్లిపాలే కనుక ఆ బరువు తల్లి పాలకు కొలత. మరల 12వ వారమున ఒక్కొక్కదానిని తూయండి. అది ఎదుగుదలకు కొలత. ఈ రెండు అంకెలలో ముందున్నవానిని విత్తనమునకు ఉంచి, మిగిలినవానిని కూరకు వాడవలెను. మన ఇండ్లలో జరిగేది తరచు దీనికి విరుద్ధము. బాగా ఎదిగినది పండుగకు కోతకు పోతుంది. చిక్కిన పిల్ల మిగిలి తల్లి అవుతుంది. పది ఈతలు ఇట్లు జరిగిన తరువాత "జాతి క్షీణించినది" అని వాపోవుట ఏమి న్యాయము?

తక్కువ సంఖ్యలో మిగిలిన జాతికి ఇంకొక ప్రమాదము రక్తసంబంధము. అన్నచెల్లెళ్ళను కట్టిస్తూపోతే ఈతలో పిల్లలు తగ్గుతాయి, బలహీనములు పుడతాయి. అరుదైన జాతులను కాపాడేవారు అనుసరించే ఉపాయము సులభమైనది. మందను మూడు కుటుంబములుగా చేస్తారు. ఆడపిల్లలు ఎప్పుడును పుట్టిన కుటుంబములోనే ఉంటాయి. మగపిల్లలు మాత్రము మారుతాయి: ఒకటవ కుటుంబపు మగది రెండవదానికి, రెండవదాని మగది మూడవదానికి, మూడవదాని మగది ఒకటవదానికి. ప్రతి తరములోను ఇదే వరుస. ముగ్గురు ఇరుగుపొరుగు రైతులు తలకొక కుటుంబము ఉంచుకొన్నచో బోనుల ఖర్చు కూడ పంచుకొన్నట్లగును. అసీలు కోళ్ళను శుద్ధముగా ఉంచదలచినవారికి కూడ ఈ వరుస పనికివచ్చును.

మన వేడి

ఇక మన సంగతి. కుందేలుకు చెమట పట్టదు. ఒంటిలోని వేడిని చెవులనుండి, ఊపిరినుండి మాత్రమే వదులుకొనగలదు. 10 నుండి 25 డిగ్రీల సెంటిగ్రేడు దానికి హాయి. 30 దాటితే మేత తగ్గిస్తుంది. 35 దాటితే చూడివి, బరువైనవి చనిపోవచ్చును. వేడికి గురియైన మగది చచ్చిపోకున్నను, కొన్ని వారములపాటు దానివలన చూలు నిలువదు. దట్టమైన బొచ్చు, 5 కిలోల ఒళ్ళుగల అమెరికన్ చించిల్లా చలిదేశపు రైతులు తమ చలికి తగినట్లు చేసికొన్న జంతువు. రామగుండములోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నము రేకుల కప్పు క్రింద దానిని ఉంచుట దాని ప్రాణముతో ఆడుకొనుటయే.

అంతేగాక విదేశమునుండి బ్రతికిన జంతువును తేవలెనన్న కేంద్రప్రభుత్వపు అనుమతి, క్వారంటైను తప్పవు. కనుక "అమెరికన్ చించిల్లా" అని మీకు ఎవరైన చూపే బూడిదవన్నె కుందేలు చాలవరకు సోవియట్ చించిల్లా అయి ఉండవచ్చును. అదియు ఫ్రెంచి చించిల్లా సంతతియే. రష్యావారు దానిని తెల్ల జెయింట్ జాతితో కలిపి పెంచినారు. మన దేశములో రాజస్థానులోని అవికానగర్ కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థవారు కుందేళ్ళమీద పనిచేసినపుడు వాడిన జాతులలో ఇది ఒకటి. కేరళ వంటి రాష్ట్రములలో కూడ పెంచుతున్నారు. అది చెడ్డ జాతి కాదు. కాని దానిని అమెరికా పేరుతో, అమెరికా ధరకు కొనవలసిన పని లేదు.

పెంచదలచినవారు తాటాకు లేక గడ్డి కప్పు వేసి, చెట్లనీడన, గాలి ఆడే చోట బోనులు ఉంచవలెను. ఎండకాలములో గోనెపట్టాలు తడిపి వ్రేలాడదీయవలెను. ఏప్రిలు నుండి జూను మధ్యవరకు జత కట్టించుట ఆపివేయుట మేలు. తీగవలమీద కూర్చుండి బరువైన కుందేళ్ళ పాదములు పుండ్లుపడతాయి. బోనులో ఒక మూల చిన్న చెక్కపలక వేయండి. పిల్లులు, కుక్కలు, ముంగిసలు, పాములు రాకుండ కట్టుదిట్టము చేయండి.

మేత విషయములో మన దగ్గర ఉన్న ప్రత్యేక ప్రమాదము వేరుసెనగ చెక్క. తడిసి బూజుపట్టిన చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషము పుడుతుంది. పశువు తట్టుకొనగలిగిన మోతాదు కూడ కుందేలును చంపివేయును. కొత్త చెక్కయే వాడవలెను. అనుమానము కలిగినచో అసలే వాడరాదు. ఎదిగిన కుందేలుకు రోజుకు 100 గ్రాముల దాణా, 250 నుండి 300 గ్రాముల పచ్చిమేత సరిపోవును. పాలిచ్చే తల్లికి దాణా 150 గ్రాములు, అవసరమైతే అంతకు మించి ఇవ్వవలెను. లూసర్ను, అలసంద ఆకు, ఎండబెట్టిన వేరుసెనగ కట్టె మంచివి. సుబాబుల్ ఆకు కొద్దిగా మాత్రమే. మంచుతో తడిసిన పచ్చిమేతను ఆరబెట్టి వేయండి. మేతను హఠాత్తుగా మార్చినచో పొట్ట ఉబ్బి చనిపోవును. కుందేలు తన మెత్తని పెంటికలను తానే తినుట రోగము కాదు, దాని జీర్ణక్రియలో భాగము.

చెవిలో గజ్జి, పిల్లలలో పారుడు, ముక్కు కారుట కనబడినపుడు పశువైద్యుని అడగండి. అంతకుముందే ఆ కుందేలును వేరుచేయండి.

లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ఒక ఆడది ఏడాదికి 4 ఈతలు ఈని, ఈతకు 5 పిల్లలు దక్కినవనుకొందాము. 20 పిల్లలు. వానిలో సగము, అనగా 10 ఆడవి. ఈ పదింటిని విత్తనమునకే అమ్మినచో, కొన్నవారివద్ద అవి మరుసటి ఏడు 100 ఆడపిల్లలను ఇస్తాయి. ఆ మరుసటి ఏడు 1,000. నాలుగవ ఏడు 10,000. ఇది ఒక్క ఆడదాని సంతతి. వీటిని కొనేవారు ప్రతి ఏడు పదిరెట్లు పెరుగుతూ పోవలెను. ఎక్కడినుండి వస్తారు? తిరిగి కొంటామన్న వ్యాపారి మొదట కొన్ని నెలలు కొనగలడు, ఎందుకనగా కొత్తగా చేరేవారి సొమ్ముతో పాతవారికి చెల్లిస్తాడు. కొత్తవారు ఆగిననాడు అతని దుకాణము మూతపడును. ఈము పక్షుల పెంపకము మన రాష్ట్రములోను, తమిళనాడులోను 2012 ప్రాంతములో ఇట్లే కూలినది. మేతకు డబ్బులేక పక్షులను రోడ్లమీద విడిచినవారు ఉన్నారు. కుందేళ్ళ పేరుతో కూడ ఇటువంటి పథకములు వచ్చినవి, మరల వస్తాయి.

అదే 20 పిల్లలను కూర లెక్కలో చూడండి. మూడు నెలలకు ఒక్కొక్కటి 2.2 కిలోలు వచ్చి, అందులో సగము మాంసము దక్కినచో, 22 కిలోలు. దాణా సంగతి: తల్లికి ఏడాదికి సుమారు 50 కిలోలు, 20 పిల్లలకు పాలు మాన్పించినది మొదలు కోతవరకు 55 కిలోలు, మూడు ఆడవానికి ఒక మగదాని చొప్పున మగదాని వంతు 12 కిలోలు, మొత్తము 117 కిలోలు. పచ్చిమేత ఇంటిది. ఇది మా అంచనా. మీ పెంపకమునుబట్టి కొంత అటునిటు అగును. కిలో మాంసమునకు 5 కిలోల దాణా పైచిలుకు అన్నమాట. మీ ఊరిలో కిలో దాణా ధరను 5తో గుణించి, వచ్చిన సొమ్మును మీ ఇంట కొనే కోడిమాంసము ధరతో పోల్చండి. దాణాలో సగము ఇంటి తవుడు, నూకలు అయినచో లెక్క ఇంకను తేలికపడును. ఈ లెక్క మీకు కుదిరినచో రెండు ఆడవానిని, ఒక మగదానిని తెచ్చి పెంచండి. కుదరకపోతే, ఎంత మెరిసే బొచ్చైనను వదలివేయండి.

అమ్మేవాని వద్దకు పోయినపుడు ఈ క్రింది వానిని అడగండి. తల్లి ఈనిన తారీఖులు వ్రాసి ఉన్నవా? 21 రోజుల ఈత బరువు ఎంత? పోయిన మే నెలలో ఎన్ని చచ్చినవి? తెల్ల పిల్లలు ఎప్పుడైన పుట్టినవా? ఆ ఊరిలో కూరకు కిలో ఎంతకు అమ్ముతున్నారు, నిన్న ఎవరు కొన్నారు? చివరి ప్రశ్నకు జవాబుగా ఒక ఇంటిని చూపగలిగినచో, ఆ ఇంటికి పోయి వారినే అడగండి. తరువాత బోనులోని కుందేలును ఒడిలోనికి తీసికొని, వీపుమీద బొచ్చును ఊది చూడండి.